పర్సులోని లెక్క, పర్సు బయటి లెక్క

ఒక జట్టు తన ఆటగాళ్లందరికీ కలిపి ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదని లీగు గీసే గీతే వేతన పరిమితి. ఐపీఎల్ వాడుకలో దాని పేరు ‘పర్సు’. డబ్బున్న యజమాని మంచి ఆటగాళ్లందరినీ తన జట్టులోనే పోగేసుకోకుండా చూడటం, పోటీని సమంగా నిలపడం దీని ఉద్దేశమని నిర్వాహకులు చెబుతారు. అది నిజమే. అయితే జీతాల ఖర్చు ఎప్పటికీ ఒక హద్దులో ఉండటం యజమానులందరికీ లాభమే. ఆ లాభానికి మూల్యం చెల్లించేది ఆటగాడు. బయట పది మంది పోటీపడి ఇవ్వజూపే సొమ్ముకూ, నిబంధన అనుమతించే సొమ్ముకూ మధ్య ఎంత దూరం ఉంటే, చాటుమాటు చెల్లింపులకు అంత చోటు ఉంటుంది. ఈ కథ ఏ దేశంలో జరిగినా మూలం ఇదే.

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో ఇది చాలా పాతది. అక్కడ జట్టు మొత్తానికి కాక ఒక్కో ఆటగాడి వారపు జీతానికే హద్దు పెట్టారు. 1901లో అది 4 పౌండ్లు. ఐదేళ్లు తిరగకముందే మాంచెస్టర్ సిటీ అంతకు మించి ఇస్తున్నట్టు విచారణలో తేలింది. 1906లో 17 మంది ఆటగాళ్లకు జరిమానా వేసి, ఇక ఆ క్లబ్బుకు ఆడరాదన్నారు. మేనేజరు టామ్ మేలీని ఆట నుంచే వెలివేశారు. 1957లో సండర్‌లాండ్ క్లబ్బు వంతు వచ్చింది. ఆటగాళ్లకు ఇచ్చిన అదనపు సొమ్మును ఆ క్లబ్బు మైదానం మీద పరిచే ఎండుగడ్డి లాంటి వాటి ఖర్చుగా రాసుకుంది. 5,000 పౌండ్ల జరిమానా పడింది, డైరెక్టర్ల మీద వేటు పడింది. నాలుగేళ్ల తర్వాత, 1961 జనవరిలో, ఆటగాళ్ల సంఘం సమ్మెకు సిద్ధపడటంతో ఆ హద్దునే ఎత్తేశారు. అప్పటికి అది 20 పౌండ్లకు చేరింది. హద్దు పోయిన ఏడాదే జానీ హేన్స్ అనే ఆటగాడు వారానికి 100 పౌండ్లు అందుకున్నాడు. అరవై ఏళ్లుగా ఆటగాళ్లకు దక్కకుండా పోయింది ఎంతో ఆ ఒక్క అంకె చెబుతుంది.

జట్టు మొత్తానికి పరిమితి పెట్టే పద్ధతి వచ్చాక దొంగదారులు కూడా మారాయి. అమెరికా బాస్కెట్‌బాల్‌లో మిన్నెసోటా టింబర్‌వుల్వ్స్ జట్టు జో స్మిత్ అనే ఆటగాడితో తక్కువ జీతానికి చిన్న ఒప్పందాలు చేసుకుంది. తర్వాత పెద్ద ఒప్పందం ఇస్తామని రహస్యంగా రాసిచ్చింది. 2000లో ఆ కాగితం బయటపడింది. 35 లక్షల డాలర్ల జరిమానా కట్టడమే కాక, కొత్త ఆటగాళ్లను ఎంచుకునే అవకాశాలనూ ఆ జట్టు పోగొట్టుకుంది. ఆస్ట్రేలియా రగ్బీ లీగులో మెల్‌బోర్న్ స్టార్మ్ ఏళ్ల తరబడి రెండు రకాల లెక్కలు నడిపింది. లీగుకు చూపించే ఒప్పందం ఒకటైతే, ఆటగాడికి విడిగా ఇచ్చే హామీ పత్రం ఇంకొకటి. 2010 ఏప్రిల్‌లో ఆ జట్టు గెలిచిన 2007, 2009 టైటిళ్లను వెనక్కి తీసుకున్నారు. ఆ సీజన్లో మిగిలిన మ్యాచులన్నీ పాయింట్లే లేకుండా ఆడించారు. ఇంగ్లండ్ రగ్బీలో సారసెన్స్ క్లబ్బు యజమాని తన ఆటగాళ్లతో కలిసి వ్యాపారాల్లో పెట్టుబడి పెట్టాడు. ఆ సొమ్మును పరిమితిలో చూపలేదు. 2019 నవంబరులో 35 పాయింట్ల కోత, 53.6 లక్షల పౌండ్ల జరిమానా పడ్డాయి. మరుసటి జనవరిలో ఆ క్లబ్బును కింది డివిజన్‌కు పంపాలని నిర్ణయించారు.

భారతదేశంలో ఈ చరిత్ర 2008 ఫిబ్రవరి 20న ముంబైలో జరిగిన మొదటి ఐపీఎల్ వేలంతో మొదలవుతుంది. ఒక్కో ఫ్రాంచైజీకి 50 లక్షల డాలర్ల పర్సు ఇచ్చారు. వేలానికి ముందే సచిన్, ద్రావిడ్, గంగూలీ, యువరాజ్, సెహ్వాగ్‌లను వారి వారి నగరాల ‘ఐకాన్’ ఆటగాళ్లుగా ప్రకటించారు. ఐకాన్‌కు ఆ జట్టులో అత్యధిక ధర పలికిన ఆటగాడి కంటే 15 శాతం ఎక్కువ ఇవ్వాలి. హైదరాబాద్ జట్టు డెక్కన్ చార్జర్స్‌కు ఆ స్థానం వి.వి.ఎస్.లక్ష్మణ్‌దే కావలసింది. ఆయన దాన్ని వదులుకున్నారు.

ఆ నిర్ణయం విలువ ఎంతో లెక్క వేస్తే తెలుస్తుంది. ఆ వేలంలో డెక్కన్ చార్జర్స్ ఆండ్రూ సైమండ్స్‌ను 13.5 లక్షల డాలర్లకు కొంది. ధోనీకి చెన్నై ఇచ్చిన 15 లక్షల తర్వాత ఆ రోజు పలికిన అతి పెద్ద ధర అది. లక్ష్మణ్ ఐకాన్‌గా ఉండి ఉంటే ఆయనకు 15.5 లక్షలు దాటి ఇవ్వాల్సి వచ్చేది. ఇద్దరికే 29 లక్షలు పోతే, మిగతా జట్టంతటికీ 21 లక్షలే మిగిలేవి. లక్ష్మణ్ 3.75 లక్షల డాలర్లకు ఆడారు. రోహిత్ శర్మకు 7.5 లక్షలు, ఆర్.పి.సింగ్‌కు 8.75 లక్షలు, గిల్‌క్రిస్ట్‌కు 7 లక్షలు ఇవ్వగలిగే వెసులుబాటు అలా వచ్చింది. ఆ ఏడాది జట్టు పట్టికలో అట్టడుగున నిలిచిన మాట నిజం. కానీ 2009 మే 24న జొహానెస్‌బర్గ్‌లో బెంగళూరును 6 పరుగుల తేడాతో ఓడించి కప్పు గెలిచిన జట్టుకు వెన్నెముక ఆ వేలంలో కొన్న ఆటగాళ్లే. వేతన పరిమితి చరిత్రలో ఎక్కువగా హద్దును దాటించి ఆటగాడికి ఎక్కువ ముట్టజెప్పిన ఉదంతాలే కనిపిస్తాయి. హద్దు లోపల జట్టు ఇమడాలని ఒక ఆటగాడు బాహాటంగా తన వాటా తగ్గించుకున్న ఈ ఉదంతం అరుదైనది. హైదరాబాద్ క్రికెట్ గర్వంగా చెప్పుకోదగ్గది.

పర్సుకు మొదటి చిల్లు నిబంధనల పుస్తకంలోనే పడింది. 2010 జనవరి వేలంలో ఒక్కో జట్టు ఖర్చు పెట్టగలిగింది 7.5 లక్షల డాలర్లే. కీరన్ పొలార్డ్ కోసం నాలుగు జట్లు, షేన్ బాండ్ కోసం కోల్‌కతా, డెక్కన్ చార్జర్స్ ఆ గరిష్ఠ అంకె దాకా వెళ్లి ఆగాయి. అప్పుడు ‘టై బ్రేకర్’ అమలు చేశారు. పోటీలో ఉన్న జట్లు ఇంకా ఎంత ఇవ్వగలవో చీటీ మీద రాసి గుట్టుగా ఇవ్వాలి. ఎక్కువ రాసిన జట్టుకు ఆటగాడు దక్కుతాడు. పొలార్డ్ ముంబైకి, బాండ్ కోల్‌కతాకు వెళ్లారు. ఇద్దరి ధరా కాగితం మీద 7.5 లక్షల డాలర్లే. చీటీలో రాసిన సొమ్ము క్రికెట్ బోర్డుకు వెళ్లింది. అది పర్సులో లెక్కకు రాలేదు, ఆటగాడికి చేరలేదు, ఎంతో బయటికి చెప్పలేదు. 2012 ఫిబ్రవరిలో రవీంద్ర జడేజా విషయంలోనూ ఇదే జరిగింది. చెన్నై, డెక్కన్ చార్జర్స్ రెండూ 20 లక్షల డాలర్ల దగ్గర ఆగాయి. చీటీలో చెన్నై నెగ్గింది. డబ్బున్నవాడికి అదనపు బలం ఉండకూడదన్నదే పరిమితి ఉద్దేశమైతే, ఆ ఉద్దేశాన్ని దెబ్బతీసే దారిని లీగే స్వయంగా తెరిచిపెట్టినట్టయింది. ఇందులో ఏ జట్టూ నిబంధన మీరలేదు.

2011లో పర్సును 90 లక్షల డాలర్లకు పెంచారు. పాత జట్లు నలుగురిని అట్టిపెట్టుకోవచ్చన్నారు. మొదటి ఆటగాడికి 18 లక్షలు, రెండో ఆటగాడికి 13 లక్షలు, తర్వాతి ఇద్దరికి 9, 5 లక్షల చొప్పున పర్సులోంచి కోత పెట్టారు. కోత మాత్రమే స్థిరం. ఆటగాడికి నిజంగా ఎంత ఇస్తారన్నది అతనికీ యజమానికీ మధ్య ఒప్పందం. ఆ ఏడాది వేలానికి వచ్చిన గౌతమ్ గంభీర్‌కు కోల్‌కతా 24 లక్షల డాలర్లు ఇచ్చింది. ప్రపంచకప్పుకు భారత కెప్టెన్‌గా వెళ్లబోతున్న ధోనీ పేరున చెన్నై పర్సులో తగ్గింది మాత్రం 18 లక్షలే. జట్ల మధ్య సమానత్వాన్ని కొలిచే అంకెకూ, నిజంగా చేతులు మారే సొమ్ముకూ సంబంధం ఉండాలన్న పట్టింపు ఆ నిబంధనలో లేదు. డెక్కన్ చార్జర్స్ ఆ ఏడాది ఎవరినీ అట్టిపెట్టుకోకుండా నిండు పర్సుతో వేలానికి వెళ్లింది.

ఐపీఎల్‌లో ఇంతవరకు చెప్పిన దారులన్నీ పెద్ద ఆటగాళ్లవి, నిబంధనలకు లోబడినవి. నిబంధన దాటిన చెల్లింపుల గురించిన మాట వినిపించింది మాత్రం అడుగున ఉన్న ఆటగాళ్ల దగ్గరే. భారత జట్టుకు ఇంకా ఆడని దేశవాళీ ఆటగాళ్లు 2013 దాకా వేలంలోకే రాలేదు. వాళ్లను అన్‌క్యాప్డ్ ఆటగాళ్లు అంటారు. ఫ్రాంచైజీలు వారితో నేరుగా ఒప్పందం చేసుకునేవి. జీతం మాత్రం రంజీ అనుభవాన్ని బట్టి 10 లక్షలు, 20 లక్షలు, 30 లక్షల రూపాయలు అని మూడు మెట్లుగా కట్టేశారు. ఎంత బాగా ఆడినా, ఎన్ని జట్లు వెంటపడినా 30 లక్షలు దాటడానికి వీల్లేదు. తుది పదకొండు మందిలో కనీసం ఏడుగురు భారతీయులే ఉండాలన్న నిబంధన వల్ల మంచి దేశవాళీ ఆటగాడికి గిరాకీ విపరీతం. గిరాకీ అంత ఉన్నప్పుడు ధరను తాడేసి కట్టేస్తే మిగిలిన సొమ్ము వేరే దారి వెతుక్కుంటుంది.

జడేజా ఉదంతం దీనికి ముందస్తు సూచన. రాజస్థాన్ రాయల్స్‌తో ఒప్పందం పొడిగించుకోకుండా వేరే జట్టుతో బేరమాడాడని 2010 సీజన్ మొత్తం అతన్ని ఆడనివ్వలేదు. ఐపీఎల్‌లో సెంచరీ కొట్టిన తొలి భారతీయుడు మనీష్ పాండే. 2009లో డెక్కన్ చార్జర్స్ మీదే అతను 114 పరుగులతో అజేయంగా నిలిచాడు. అన్‌క్యాప్డ్ ఆటగాళ్ల నిబంధనలకు విరుద్ధంగా బేరం సాగించాడన్న కారణంతో 2011లో అతన్ని నాలుగు మ్యాచులకు దూరం పెట్టారు. ఈ రెండు సందర్భాల్లోనూ శిక్ష పడింది ఇరవై ఒక్కేళ్ల కుర్రాళ్లకే. బేరానికి ఇద్దరు కావాలి. అవతలి పక్షానికి అంత స్పష్టమైన శిక్ష పడలేదు.

2012 మే 14న ఒక హిందీ వార్తా చానెల్ రహస్య కెమెరాలతో తీసిన దృశ్యాలను ప్రసారం చేసింది. అందులో మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక ఆటగాడు, పరిమితి 30 లక్షలే అయినా తనకు అంతకు ఎన్నో రెట్లు ముడుతున్నదనీ, మిగతాది నల్లధనంగా వస్తుందనీ చెప్పాడు. మర్నాడే బోర్డు ఐదుగురు ఆటగాళ్లను సస్పెండ్ చేసి రవి సవానీ అనే అధికారితో విచారణ జరిపించింది. జూన్ నెలాఖరున ఒకరికి జీవితకాల నిషేధం, ఇంకొకరికి ఐదేళ్లు, మిగతా ముగ్గురికి ఏడాది చొప్పున శిక్ష వేశారు. పెద్ద శిక్షలు మ్యాచు ఫలితంతో ఆడుకునే వ్యవహారానికి. డబ్బు గురించి మాట్లాడిన ఆటగాడికి పడిన ఏడాది శిక్ష ఆట పరువు తీసినందుకు. ఆ మాటల్లో నిజమెంతో తేల్చే స్థాయిలో ఏ ఫ్రాంచైజీ ఖాతా పుస్తకాన్నీ బహిరంగంగా విప్పలేదు. మెల్‌బోర్న్ స్టార్మ్ వ్యవహారంలో లీగు ఆడిటర్లు లెక్కలు తవ్వి క్లబ్బునే శిక్షించారు. ఇక్కడ మాట్లాడినవాడి దగ్గరే వ్యవహారం ఆగింది. భారత క్రీడల్లో వేతన పరిమితి చరిత్రలో ఇంతకంటే పెద్ద లోపం లేదు.

రంజీ అనుభవమే కొలబద్ద కావడంలో ఇంకో అన్యాయం ఉండేది. అది మారుమూల ప్రాంతాల వారికి జరిగింది. బస్తర్ సంగతే తీసుకుంటే, జగదల్‌పూర్‌కు రాయపూర్ ఎంత దూరమో విశాఖపట్నమూ ఇంచుమించు అంతే దూరం. కిరండోల్ రైలు దిగితే విశాఖ, అక్కడ 2012లో డెక్కన్ చార్జర్స్ ఆడిన స్టేడియం. కొంటా, భోపాలపట్నం వైపు ఊళ్లలో తెలుగు మామూలుగా వినిపిస్తుంది. 2000లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం వచ్చినా దాని క్రికెట్ సంఘానికి బోర్డు పూర్తి సభ్యత్వం దక్కింది 2016లో. తొలి రంజీ సీజన్ 2016-17. అంతవరకు అక్కడి కుర్రాడు రంజీ ఆడాలంటే మధ్యప్రదేశ్ లాంటి వేరే జట్టులో చోటు వెతుక్కోవాల్సిందే. రాయపూర్ స్టేడియంలో 2013లోనే ఢిల్లీ జట్టు ఐపీఎల్ మ్యాచులు ఆడింది, కానీ ఆ నేల మీద పుట్టినవారికి సొంత రంజీ జట్టు లేదు. రంజీ జట్టు లేని చోట రంజీ ఏళ్లను బట్టి జీతం కట్టడమంటే, కింది మెట్టు మీద కూడా చోటు లేదని చెప్పడమే.

2014 వేలంలో ఆ మూడు మెట్లనూ తీసేసి అన్‌క్యాప్డ్ ఆటగాళ్లను కూడా వేలంలోకి తెచ్చారు. పర్సు 60 కోట్ల రూపాయలైంది, డాలర్ల లెక్క పోయింది. బెంగళూరులో జరిగిన ఆ వేలంలో అన్‌క్యాప్డ్ ఆటగాళ్లలో అత్యధిక ధర పలికినవాడు రైల్వేస్ లెగ్‌స్పిన్నర్ కర్ణ్ శర్మ. సన్‌రైజర్స్ హైదరాబాద్ అతనికి 3.75 కోట్లు ఇచ్చింది. 2013లో అతను ఆడింది కూడా అదే జట్టుకు, అప్పుడు నిబంధన ఇవ్వనిచ్చిన గరిష్ఠం 30 లక్షలు. ఏడాదిలో పన్నెండు రెట్లకు పైగా! బౌలర్ మారలేదు, జట్టు మారలేదు. మారింది నిబంధన ఒక్కటే. మెట్ల పద్ధతి ఆటగాళ్ల నుంచి ఎంత లాక్కుందో చెప్పడానికి ఇంకో సాక్ష్యం అక్కర్లేదు. చాటు చెల్లింపుల గురించిన మాటలు ఆ తర్వాత పలచబడ్డాయి. బహిరంగంగా అంత ధర పలికే చోట చీకటి బేరంతో పని తక్కువ.

ఈలోగా హైదరాబాద్‌లో యజమాని మారాడు. 2012లో డెక్కన్ చార్జర్స్ ఆటగాళ్లకు జీతాలే సకాలంలో అందలేదు. సెప్టెంబరు 14న బోర్డు ఆ ఫ్రాంచైజీని రద్దు చేసింది. అక్టోబరులో సన్ టీవీ ఏడాదికి 85.05 కోట్లకు హైదరాబాద్ జట్టు హక్కు దక్కించుకుంది, అదే సన్‌రైజర్స్. వేతన పరిమితి గురించిన చర్చంతా ఎక్కువ ఇచ్చే యజమానుల చుట్టూ తిరుగుతుంది. ఒప్పుకున్నంత కూడా ఇవ్వలేని యజమాని నుంచి ఆటగాడిని కాపాడే మాట అందులో ఉండదు.

పర్సులో కోత ఒకటి, చెల్లింపు ఒకటి అన్న 2011 నాటి చిల్లును 2018లో పూడ్చారు. అప్పటికి పర్సు 80 కోట్లు. అట్టిపెట్టుకున్న మొదటి ఆటగాడికి 15 కోట్ల కోత అన్నారు. ఆటగాడికి అంతకు మించి ఇస్తే, ఇచ్చిన మొత్తాన్నే కోయాలన్నారు. బెంగళూరు కోహ్లీకి 17 కోట్లు ఇచ్చింది, పర్సులో 17 కోట్లే తగ్గింది. ఒక తలుపు మూసినా ఇంకొకటి తెరిచే ఉంది. ఆటగాళ్లను ఒక జట్టు నుంచి ఇంకో జట్టు నగదుకు కొనుక్కునే పద్ధతిలో, కొన్న జట్టు పర్సులో తగ్గేది ఆటగాడి జీతం వరకే. అమ్మిన జట్టుకు ముట్టే బదిలీ రుసుము లెక్కకు రాదు, బయటికీ చెప్పరు. 2023 నవంబరులో హార్దిక్ పాండ్యా గుజరాత్ నుంచి ముంబైకి వెళ్లినప్పుడు లెక్కలో చేరింది అతని 15 కోట్ల జీతమే. 2010 నాటి చీటీ సొమ్ముకు ఇది దగ్గరి చుట్టం. డబ్బు ఎక్కువ ఉన్న జట్టుకు అదే రకం మేలు చేస్తుంది.

ప్రొ కబడ్డీలో పర్సులు చాలా చిన్నవి. 2023లో ఒక్కో జట్టుకు 5 కోట్లు. తెలుగు టైటాన్స్ అందులో 2.605 కోట్లు పవన్ సెహ్రావత్ ఒక్కడికే పెట్టింది. అప్పటికి కబడ్డీ చరిత్రలో అదే అత్యధిక ధర. సగానికి పైగా ఒక్క రైడర్‌కే పోతే మిగతా జట్టు ఎలా ఉంటుందో ఆ సీజన్ పట్టికలో అట్టడుగు స్థానం చూపించింది. పరిమితి నిజంగా పనిచేసినప్పుడు ఆశకు పడే శిక్ష అదే, దానికి విచారణ కమిటీ అక్కర్లేదు.

2025 సీజన్‌కు ఐపీఎల్ పర్సు 120 కోట్లకు చేరింది. భారత జట్టుకు ఆడిన ఐదుగురిని అట్టిపెట్టుకుంటే మొత్తం 75 కోట్లు కోత. 18, 14, 11, 18, 14 కోట్లుగా ఉన్న ఆ మొత్తాన్ని జట్టు తన ఇష్టం వచ్చినట్టు పంచుకోవచ్చు. విదేశీ ఆటగాళ్లకూ ఇదే లెక్క. సన్‌రైజర్స్ ఆ వీలును పూర్తిగా వాడుకుంది. క్లాసెన్‌కు 23, కమిన్స్‌కు 18, అభిషేక్ శర్మకు, హెడ్‌కు 14 చొప్పున, విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డికి 6 కోట్లు. కూడితే సరిగ్గా 75. నితీశ్ అంతకు ముందు ఆడింది 20 లక్షలకు. ఛత్తీస్‌గఢ్ తరఫున రంజీ ఆడే శశాంక్ సింగ్ 2022లో సన్‌రైజర్స్‌లో ఉన్నాడు, 2023 డిసెంబరులో పంజాబ్ అతన్ని 20 లక్షలకే కొంది. ఒక్క సీజన్ గడిచాక 5.5 కోట్లకు అట్టిపెట్టుకుంది. అన్‌క్యాప్డ్ ఆటగాడికి కనీస కోత 4 కోట్లే అన్న నిబంధనకు ఇంకో కొస కూడా ఉంది. అంతర్జాతీయ క్రికెట్ ఆడి ఐదేళ్లు దాటిన భారతీయులనూ ఆ కోవలోకి తెచ్చారు. దాంతో రెండు ప్రపంచకప్పులు గెలిపించిన ధోనీ అన్‌క్యాప్డ్ ఆటగాడిగా 4 కోట్లకు చెన్నైలో కొనసాగాడు. కొత్త కుర్రాళ్ల కోసం పెట్టిన మెట్టు మీద దేశంలోకెల్లా పేరున్న ఆటగాడు నిలబడటం నిబంధన ప్రకారం సరైనదే, న్యాయం ప్రకారం కాదు.

చిన్న వేలాలకు మాత్రమే వచ్చి కొరతను సొమ్ము చేసుకునే విదేశీ ఆటగాళ్లకు కూడా హద్దు పెట్టారు. 2025 డిసెంబరు 16న అబుదాబి వేలంలో కామెరాన్ గ్రీన్‌ను కోల్‌కతా 25.20 కోట్లకు కొంది. పర్సులో మొత్తం 25.20 కోట్లూ తగ్గాయి. గ్రీన్‌కు దక్కేది 18 కోట్లు, మిగిలిన 7.20 కోట్లు బోర్డుకు. చీటీల రోజుల్లో లాగే ఆటగాడి పేరు మీద పలికిన సొమ్ములో కొంత బోర్డుకే వెళుతోంది. తేడా ఒకటే, ఈసారి ఆ అంకె అందరికీ తెలిసింది, పర్సు లెక్కలోకీ వచ్చింది.